ఊరి క్లబ్బుల్లో పాడి, జానపద ఆల్బమ్‌ను జనంలోకి తీసుకెళ్లడం ఎలా?

తిరుపతి, చిత్తూరు వైపు జానపద బృందానికి పని దొరకడం పెద్ద కష్టం కాదు. గంగమ్మ జాతర, ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవాలు, పెళ్లి ఊరేగింపు, ఎన్నికలొస్తే ప్రచారం, ఇలా ఏడాది పొడవునా ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది. చిక్కల్లా ఏంటంటే, అక్కడికి మీ పాట కోసం ఎవరూ రారు. అమ్మవారి కోసం వస్తారు, పెళ్లివాళ్ల కోసం వస్తారు, భోజనం కోసం కూడా వస్తారు. మర్నాడు పొద్దున "రాత్రి పాడింది ఎవురప్పా?" అని అడిగితే "ఎవురో పలకలోళ్లు" అంటారు (డప్పునే మన వైపు పలక అంటారు). అంతే.

మీ బృందానికంటూ ఒక పేరు ఉండాలి, ఆ పేరు మీద ఒక ఆల్బమ్ రావాలి, అది జనం కార్లలోకీ ఫోన్లలోకీ వెళ్లాలి అనుకుంటే, కుర్చీల్లో కూర్చుని వినే జనం కావాలి. మన ఊళ్లలో వాళ్లు దొరికేది క్లబ్బుల్లోనే.

క్లబ్ అనగానే బెంగళూరులో టికెట్ పెట్టి బ్యాండ్లు వాయించే చోట్లను ఊహించుకోకండి. ఇక్కడ క్లబ్ అంటే ఆఫీసర్స్ క్లబ్, రిక్రియేషన్ క్లబ్, లయన్స్, రోటరీ, రిటైరైన ఉద్యోగుల సంఘం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, మహిళా మండలి, కాలేజీలో కల్చరల్ కమిటీ. నూరు మంది ఉంటారు, ఒక్కోసారి అరవై మందే. హాల్లో ఫ్యాన్లు గిరగిరా తిరుగుతుంటాయి, వెనక వడ్డనకు ఇస్తరాకులు సిద్ధం చేస్తుంటారు. మీకిచ్చేది ముక్కాలు గంట. ఆ ముక్కాలు గంటను ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ముందు పాట ఎవరిదో తేల్చుకోండి

స్టూడియో బుక్ చేసే ముందే మీ దగ్గరున్న పాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసి మూడు రకాలుగా విడదీయండి. ఎవరు కట్టారో తెలియకుండా తరాలుగా నోటి మీద వచ్చినవి ఒక రకం: నాట్ల పాటలు, ఇసుర్రాయి పాటలు, గొబ్బి పాటలు, జోలలు, అప్పగింతలు. రాసిన మనిషి పేరు తెలిసినవి రెండో రకం. మీరే కట్టుకున్నవి మూడోది.

మొదటి రకానికి కాపీరైట్ గొడవ ఉండదు. కానీ ఆ పాటకు ఎవరో ఈ మధ్య చేసిన ట్యూనుకూ, మ్యూజిక్కుకూ, రికార్డింగుకూ హక్కులు ఉంటాయి. సినిమాలోకి వెళ్లిన జానపదాలతో అందరూ దెబ్బతినేది ఇక్కడే. పాట మన అవ్వదే, కానీ మీరు పాడుతున్నది సినిమా వరస. యూట్యూబ్‌లో పెట్టిన పది నిమిషాలకే 'ఈ పాట మాది' అని క్లెయిమ్ వస్తుంది. అందుకని అలాంటి పాట ఏదైనా ఉంటే ఊళ్లో పెద్దవాళ్ల నోట విన్న వరసలోనే పాడండి. అది దొరక్కపోతే ఆ పాట వదిలేయండి, మనకు పాటలకేం కరువు!

రెండో రకానికి, మన దేశ చట్టం ప్రకారం, రాసిన మనిషి బతికున్నంత కాలమూ, పోయిన తర్వాత 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. ఆయనో, ఆయన పిల్లలో ఊళ్లోనే ఉంటే నేరుగా వెళ్లి కాగితం మీద అనుమతి రాయించుకోండి. ఇప్పటికే రికార్డయిన పాటను మళ్లీ పాడి అమ్ముకోవడానికి చట్టంలో ఇంకో దారి ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చి 5 ఏళ్లు దాటాక, ముందుగా నోటీసిచ్చి, రాయల్టీ కట్టి పాడుకోవచ్చు. అయితే ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన ముందే కట్టాలి. మన స్థాయి బృందానికి ఆ దారి పనికిరాదు. ఇంటికి వెళ్లి అడగడమే మేలు.

ఇక చట్టం అడగకపోయినా మనం చేయాల్సిన పని ఒకటుంది. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేరు, ఊరు ఆల్బమ్‌లో వేయాలి. చంద్రగిరి పక్క పల్లెలో ఒక అవ్వ నాట్ల పాట చెప్పిందనుకోండి. ఫోన్ ఆన్ చేసి ముందు ఆమెతోనే చెప్పించండి: "నేను ఫలానా, ఈ పాట మా అత్త దగ్గర నేర్చుకున్నా, ఈ పిల్లోళ్లు పాడుకునేదానికి నేను ఒప్పుకుంటా ఉండా." ఆ తర్వాత పాట. డబ్బు ఆ రోజే చేతిలో పెట్టండి. ఆల్బమ్ ఆడితే చూద్దాంలే అనే మాట వద్దు.

అన్నీ ఆల్బమ్‌లో పెట్టదగ్గవి కావు కూడా. అమ్మవారి ముందు పంబ అనే వాయిద్యం మీద పాడి, గంగమ్మను పిలిచే పాటలు కొన్ని కుటుంబాల వృత్తి, వాళ్ల నోటి నుంచే రావాలి. వాటిని ఆఫీసర్స్ క్లబ్ హాల్లో సమోసాల మధ్య పాడటం నాకైతే సరి అనిపించదు. పాడాలనే ఉంటే ఆ కుటుంబాన్ని అడగండి, వాళ్లలో ఒకరిని స్టేజీ మీదకు పిలుచుకోండి.

రికార్డింగ్ కన్నా ముందు స్టేజీ

చాలామంది ముందు ఆల్బమ్ చేసి, ఆ తర్వాత ప్రోగ్రాముల కోసం తిరుగుతారు. తిరగేసి చేయండి. ముందు నాలుగైదు క్లబ్బుల్లో పాడితే ఏ పాటకు జనం ఫోన్ పక్కన పెడుతున్నారో, దేనికి లేచి కాఫీకి వెళ్తున్నారో మీకే తెలిసిపోతుంది. ఆల్బమ్‌లోకి ఏది వెళ్లాలో ఆ హాలే చెప్తుంది.

ముక్కాలు గంటకు ఎనిమిది పాటలు చాలు. మొదటిది గణపతి స్తుతి అని మొదలుపెట్టి ఏడు నిమిషాలు లాగొద్దు, రెండు నిమిషాల్లో ముగించండి. రెండోది పలక గట్టిగా పలికే పాట. మూడో పాటకు కోలాటం అడుగు పెట్టండి. అప్పటికి పిల్లలు ముందుకు వచ్చేస్తారు, పిల్లలు వస్తే వెనకాలే తల్లులు ఫోన్లు పట్టుకుని వస్తారు. ఆ తర్వాత ఒక నెమ్మదైన పాట, జోలో అప్పగింతో, ఒక్క గొంతు మీద. నా అనుభవంలో అప్పగింత పాటకు హాలు నిశ్శబ్దమైపోతుంది, అరవై దాటిన మగవాళ్లు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు. ఆ తర్వాతి పాట హాస్యంగా ఉండాలి, బావామరదళ్ల వాదులాట లాంటిది. తత్వం ఒకటి ఉంటే చివరికి ముందు పెట్టుకోండి. చివరిది మళ్లీ అందరూ చప్పట్లు కొట్టేది.

పాటకు ముందు నిమిషం పాటు మాట ఉండాలి. పాట ఎవరు పాడుకునేవాళ్లు, ఏ పని చేస్తూ పాడేవాళ్లు, అంతవరకే. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు హాల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు. రెండు ముక్కలు తమిళంలో కూడా చెప్తే వాళ్ల మొహాలు విప్పారతాయి. సుదీర్ఘంగా 'మన సంస్కృతి అంతరించిపోతోంది' అని ఉపన్యాసం మాత్రం వద్దు. వాళ్లు వినడానికి వచ్చారు, తిట్లు తినడానికి కాదు.

తేదీ సంపాదించడం

క్లబ్బుకు ఉత్తరం రాసి ఊరుకుంటే జవాబు రాదు. సెక్రటరీని సాయంత్రం పూట, పేకాట బల్లలు మొదలవకముందే కలవాలి. మాట ఇలా ఉంటే చాలు:

"నమస్కారం సార్. మాది జానపద బృందం. ఆరు మందిమి. ముక్కాలు గంట ప్రోగ్రాము. మీ ఫ్యామిలీ నైటుకు సరిపోతాది."

"సినిమా పాటలు పాడ్తారా బాబూ?"

"లేదు సార్. కానీ మీ ఆడోళ్లు కోలాటం ఆడతారు, నేను గ్యారంటీ."

ఆ చివరి మాటకే తేదీ ఖాయమవుతుంది. ఫ్యామిలీ నైట్ పెట్టే సెక్రటరీకి ఉండే టెన్షన్ అంతా ఆడవాళ్లు, పిల్లలు బోర్ కొట్టి తొమ్మిదికే వెళ్లిపోతారేమోననే. చేతిలో రెండు నిమిషాల వీడియో ఉండాలి, అది ఫోన్‌లో అక్కడికక్కడే చూపించాలి. ఎడిటింగ్ హంగులు లేని, హాల్లో జనం కనిపించే వీడియో.

ఎప్పుడు అడగాలో కూడా తెలుసుకోండి. లయన్స్, రోటరీల ఏడాది జూలై 1న మొదలవుతుంది. కొత్త అధ్యక్షులు ప్రమాణ స్వీకారాలు చేసి, ఏడాది కార్యక్రమాలు వేసుకునేది అప్పుడే కాబట్టి జూన్‌లోనే కలవండి. కార్తీక మాసం వనభోజనాలు మనకు బంగారం లాంటి కాలం: చెట్ల కింద, పగటి పూట, కుటుంబాలతో సహా నాలుగైదు గంటలు కూర్చునే జనం. సంక్రాంతి ముందు కాలేజీలు, అపార్ట్‌మెంట్లు గొబ్బిపాటల కోసం వెతుక్కుంటాయి. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర సాగే వారం క్లబ్ ప్రోగ్రాము పెట్టుకోకండి, మీ వాయిద్యగాళ్లే దొరకరు. ఎండాకాలంలో భారతం జరిగే ఊళ్లలో కూడా అంతే: పగలు హరికథ, రాత్రి నాటకం, ఆ ఊరి జనం ఇంకెక్కడికీ కదలరు. తిరుమల బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి పోలీసులకు ఊపిరి సలపదు, ఆరుబయట ప్రోగ్రాముకు అనుమతి అడిగినా పని కాదు.

పెద్ద వేదికల సంగతి: తిరుపతిలో మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం టీటీడీవి, అక్కడ భక్తి కార్యక్రమాలదే పైచేయి. శిల్పారామం ఉంది. చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది. తిరుపతి యూనివర్సిటీలు, ఐఐటీ, ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ) ఉన్న ఊరు కాబట్టి విద్యార్థుల ఉత్సవాలకూ కొదవలేదు. అయితే నూరు మంది హాలు నిండుగా కనిపించడం, వెయ్యి మంది ఆడిటోరియంలో నూరు మంది కనిపించడం ఒకటి కాదు. ఆల్బమ్ వచ్చేదాకా చిన్న హాళ్లే మంచివి.

డబ్బు మాట ముందే

మన దగ్గర కళాకారుడికి శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, గ్రూప్ ఫోటో తీసి పంపించే అలవాటు ఒకటుంది. ఇంట్లో శాలువాలు బీరువా నిండా ఉన్నాయి, వాటితో పాలవాడికి బాకీ తీరదు. ఒక సంఘం వాళ్లు మా బృందంతో పాడించుకుని, "మిగతాది రేపు ఫోన్‌పే చేస్తాం అన్నా" అని పంపారు. ఆ రేపు ఇంకా రాలేదు.

కాబట్టి వాట్సాప్‌లోనైనా సరే ఏడు విషయాలు రాసి, వాళ్లతో 'ఓకే' అనిపించుకోండి: మొత్తం ఎంత, అందులో సగం అడ్వాన్స్ ఎప్పుడు, మిగతా సగం స్టేజీ ఎక్కకముందే, మైక్‌సెట్ ఎవరిది, బండి ఖర్చు ఎవరిది, భోజనం ఎంతమందికి, ప్రోగ్రాము తర్వాత ఆల్బమ్ అమ్ముకునే బల్ల ఎక్కడ. ఈ చివరిది మర్చిపోకండి. కొన్ని క్లబ్బుల్లో అమ్మకాలు ఒప్పుకోరు, ముందే అడిగితే 'సరేలే' అంటారు, అక్కడికెళ్లి బల్ల వేస్తే లేపేస్తారు.

పెద్ద సంస్థలు పాన్ నంబరు అడిగి, టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, పట్టుకుని ఇస్తాయి. కంగారు పడొద్దు, రిటర్న్ వేస్తే అర్హత ఉన్నంత వెనక్కి వస్తుంది. జీఎస్టీ బిల్లు కావాలని ఎవరైనా పట్టుబడితే ఒక మాట చెప్పండి: జానపద, శాస్త్రీయ సంగీత నృత్య నాటక ప్రదర్శనకు కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ మినహాయింపు ఉంది.

ఆరుబయట పాడితే మైకు పర్మిషన్ పోలీస్ స్టేషన్‌లో తీసుకోవాల్సింది నిర్వాహకులే, కానీ తీసుకున్నారో లేదో మీరు చూసుకోండి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగల కోసం ఏడాదిలో గరిష్ఠంగా 15 రోజులు అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. ఎమ్మెల్యే వచ్చేదాకా ఆగమని తొమ్మిదిన్నరకు మిమ్మల్ని స్టేజీ ఎక్కిస్తే పాడేది అరగంటే.

హాల్లో పలక

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే క్లబ్ ప్రోగ్రాములు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

పలక వీధి కోసం పుట్టిన వాయిద్యం. రెండు వీధుల అవతలికి వినపడాలి దానికి. అదే పలకను తలుపులు మూసిన హాల్లో, గ్రానైట్ నేల మీద, మైకు పెట్టి వాయిస్తే మొదటి వరసలో పెద్దాయన చెవులు మూసుకుంటాడు. నూరు మంది హాల్లో పలకకు మైకే అక్కర్లేదు. వాయించే మనిషిని గాయకుల వెనక, పక్కకు నిలబెట్టండి, వీలైతే గుడ్డ తెర ఉన్న వైపు. కుడిచేతి చిర్ర (లావు పుల్ల) దెబ్బ తగ్గించి, ఎడమచేతి చిటికెన పుల్ల (సన్న పుల్ల) పలికించమని చెప్పండి. పాట నడుస్తున్నంతసేపూ సన్నటి దరువు, చరణానికీ చరణానికీ మధ్య మాత్రమే పూర్తి దెబ్బ. మంచి వాయిద్యగాడికి ఇది చెప్పాల్సిన పని లేదు గానీ, జాతర వేడిలో అలవాటుపడిన చేయి హాల్లో అణగడానికి రెండు మూడు రిహార్సల్స్ పడుతుంది.

తోలు పలక అయితే సెగ సంగతి ఉంది. వానాకాలం, మంచు కాలం తోలు మెత్తబడి, 'దబదబ' అంటుందే తప్ప ఖంగున మోగదు. వీధిలో అయితే నాలుగు గడ్డిపరకలు అంటించి కాచుకుంటాం, ఏసీ హాల్లో అది కుదరదు. ముందుగా వెళ్లి హాలు వెనక పెరడులో చోటు అడిగి పెట్టుకోండి, అక్కడే కాచి, వేలితో కొట్టి చూసి, గుడ్డ చుట్టి లోపలికి తేండి. ఏసీ చల్లదనానికి ముక్కాలు గంటలోనే మళ్లీ దిగొచ్చు, రెండోది కాచి పక్కన ఉంచుకుంటే బెంగ లేదు. బోల్టులు బిగించే ఫైబర్ పలకలు వచ్చాయి, వాటికి ఈ బాధ లేదు. గొంతు మాత్రం వేరు. రికార్డింగుకు తోలుదే వాడండి, క్లబ్బుల్లో మీ ఓపిక.

గొంతు మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. మన పల్లె గొంతులు మైకు దగ్గర సిగ్గుపడి వెనక్కి జరుగుతాయి, మైక్‌సెట్ అబ్బాయి వాల్యూమ్ పెంచుతాడు, వెంటనే స్పీకర్ కూత. స్పీకర్లు గాయకుల కన్నా ముందు ఉండాలి, వాటి మూతి జనం వైపు తిరగాలి. గజ్జెల శబ్దం కావాలంటే నేల దగ్గర ఒక మైకు పెడితే చాలు. మైక్‌సెట్ అబ్బాయికి 'ఎకో' అంటే మహా ఇష్టం, 'దాన్ని సున్నాకు దించు తమ్ముడూ' అని మర్యాదగా చెప్పండి. జనం రాకముందే అరగంట సౌండ్ చెక్ చేసుకోండి, ఆ అరగంట కోసం మిగతా ఏదైనా వదులుకోవచ్చు.

రికార్డింగ్

ఆరు పాటలు చాలు. పదిహేను పాటల ఆల్బమ్ వినే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు, ఖర్చూ తడిసి మోపెడవుతుంది.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, చెవిలో క్లిక్ (ఒకే వేగంతో కొట్టే టిక్‌టిక్ తాళం) పెట్టి పాడించే పద్ధతి మన పాటలకు నప్పదు. కోలాటం పాట మొదటి చరణం నుంచి ఆఖరి చరణానికి వేగం పుంజుకుంటుంది, అదే దాని ప్రాణం. క్లిక్ పెడితే ఆ పుంజుకోవడం పోతుంది. అందరూ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడండి. పలకను మాత్రం పక్క గదిలోకో, దుప్పట్లు కట్టిన మూలకో పంపండి. నిశ్శబ్దంగా ఉండే కల్యాణ మండపం ముహూర్తాలు లేని రోజుల్లో దొరికితే, ఒక మంచి రికార్డిస్టును తెచ్చుకుని రెండు రాత్రుల్లో ఆరు పాటలు పూర్తి చేయొచ్చు. మద్రాసు స్టూడియో దూరం కాదు, అయినా అక్కడి గంట రేటు చూశాక పాట మీద కన్నా గడియారం మీదే ధ్యాస ఉంటుంది.

కీబోర్డు, డీజే బీట్ కలపమని అందరూ చెప్తారు. కలిపితే పెళ్లి బరాత్‌లో ఆడుతుంది, నిజమే. కానీ అప్పుడు మీ పాటకూ వంద పాటలకూ తేడా ఉండదు, క్లబ్బులో మీరు పాడినదానికీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదానికీ పొంతన ఉండదు. హాల్లో విని కొనుక్కున్న మనిషి ఇంటికెళ్లి వింటే అదే పాట వినిపించాలి.

రికార్డిస్టు దగ్గర నుంచి మూడు తీసుకోండి: పాటల వేవ్ ఫైళ్లు (నాణ్యత తగ్గించని పూర్తి ఫైళ్లు), గొంతు లేకుండా వాయిద్యాలు మాత్రమే ఉన్న ట్రాక్, ఒక్కో మైకు విడివిడి ఫైళ్లు. మాస్టర్ రికార్డింగ్ (అసలు రికార్డింగ్) హక్కు బృందానిదేనని కాగితం మీద రాయించుకోండి. పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ వాళ్ల ప్రదర్శన మీద చట్టప్రకారం హక్కు ఉంటుంది కాబట్టి, ఎవరికి ఎంత వాటా అన్నది కూడా అదే కాగితం మీద ఉండాలి.

ఆన్‌లైన్‌లో పెట్టడం

ఇది అనుకున్నంత పెద్ద పని కాదు. డిస్ట్రిబ్యూటర్ సర్వీసు ఏదైనా ఒకటి తీసుకుంటే స్పాటిఫై, యాపిల్, అమెజాన్, యూట్యూబ్ మ్యూజిక్ అన్నిటికీ వాళ్లే పంపుతారు, పాటకో ఐఎస్ఆర్‌సీ నంబరూ (ఆ రికార్డింగును గుర్తుపట్టే నంబరు) వాళ్లే ఇస్తారు. కవర్ బొమ్మ 3000 పిక్సెల్స్ చదరంగా ఉండాలి. బృందం పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కటే ఖాయం చేసుకోండి, ఒక చోట ఒక రకంగా ఉంటే పాటలు రెండు వేర్వేరు బృందాల కింద చేరతాయి. స్పాటిఫై వాళ్ల ఎడిటర్లకు పాట పంపాలంటే విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపాలి, నెల రోజులు పెట్టుకుంటే నిమ్మళం.

కంటెంట్ ఐడీ అని ఒక టిక్ అడుగుతారు, మీ పాట ఎవరి వీడియోలో వినిపించినా యూట్యూబ్ తనంతట తానే పట్టుకునే ఏర్పాటు అది. సంప్రదాయ పాటలకు ఆ టిక్ పెట్టకండి. పెడితే అదే పాటను మీ పక్క ఊరి భజన బృందం పాడుకున్నా వాళ్ల వీడియో మీద మీ పేరుతో క్లెయిమ్ పడొచ్చు. అందరి పాటకు మనం తాళం వేసినట్టవుతుంది.

ఆదాయం మీద ఆశలు పెంచుకోవద్దు. స్పాటిఫైలో ఏడాదిలో 1,000 సార్లు వినని పాటకు పైసా రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దాంతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ రావాలి. ఆన్‌లైన్‌లో ఉండటం దేనికంటే, సెక్రటరీ మీ పేరు కొట్టి చూస్తే దొరకడానికి.

ఆకాశవాణి తిరుపతి కేంద్రాన్ని మర్చిపోకండి. జానపద సంగీతానికి ఆడిషన్ ఉంటుంది, పాసైతే గ్రేడ్ ఇస్తారు, ఆ గ్రేడ్‌ను బట్టి పారితోషికం ఉంటుంది. 'ఆకాశవాణి కళాకారులు' అన్న మాట కరపత్రం మీద పడితే క్లబ్ సెక్రటరీ మాట్లాడే తీరే మారిపోతుంది.

బల్ల, పుస్తకం, కోలాటం గురువులు

ఆల్బమ్ అమ్ముడయ్యేది పాట ఆగిన తర్వాతి పావుగంటలోనే. వడ్డన మొదలైతే అయిపోయినట్టే. కాబట్టి చివరి పాటకు ముందే "బయట బల్ల దగ్గర ఉంటాం, వచ్చి పలకరించండి" అని చెప్పాలి. అప్పగింత పాడిన అక్క తిన్నగా బల్ల దగ్గరికి రావాలి, జనం ఆమెతో ఫోటో దిగడానికే వస్తారు. బల్ల వెనక లెక్క చూసే మనిషి వేరే ఉండాలి. పెద్ద క్యూఆర్ కోడ్ ఒకటి, చిల్లర ఒక డబ్బాలో.

సీడీలు దండగ. కార్లలో యూఎస్‌బీ ఉంటుంది కాబట్టి పెన్‌డ్రైవ్ అమ్ముడు పోతుంది. అన్నిటికన్నా బాగా పోయేది మాత్రం పాటల పుస్తకం. ముప్పై రెండు పేజీలు, పెద్ద అచ్చు, ఆరు పాటలతో పాటు ఇంకో పది పాటల సాహిత్యం, ఎవరి దగ్గర నేర్చుకున్నామో ఆ పేరు, వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్. కళ్లజోడు లేకుండా చదవగలిగితే పెద్దవాళ్లు రెండు కొంటారు, ఒకటి ఇంటికి, ఒకటి చెల్లెలికి.

ఆ పుస్తకం ఎవరి చేతికి చేరాలో చెప్తాను. తిరుపతిలో పేటపేటకూ కోలాటం బృందాలు ఉన్నాయి. బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు ఆడటానికని నెలల తరబడి సాయంత్రాలు సాధన చేస్తారు, ఒక్కో బృందంలో పాతిక ముప్పై మంది ఆడవాళ్లు, వాళ్లకో గురువు. వాళ్లకు ఎప్పుడూ కొత్త పాట కావాలి, ట్రాక్ కావాలి. మీ ఆల్బమ్‌లోని కోలాటం పాటను, గొంతు లేని ట్రాక్‌తో సహా, ఆ గురువుకు ఉచితంగా ఇవ్వండి. వేగం కొంచెం తగ్గించిన సాధన ట్రాక్ కూడా చేయించి ఇస్తే ఇంకా సంతోషిస్తారు. ఒకసారి సాధన దగ్గరికి వెళ్లి, పక్కన కూర్చుని పాడి రండి. పాతిక మంది రోజూ అదే పాటకు అడుగేస్తుంటే ఆ వీధంతా నేర్చుకుంటుంది. వాళ్లే రీల్స్ చేస్తారు, వాళ్లే వాళ్ల అపార్ట్‌మెంట్ పండక్కి మిమ్మల్ని పిలిపిస్తారు. ఫేస్‌బుక్ ప్రకటనకు పెట్టే డబ్బు ఈ ట్రాక్‌లకు పెట్టండి.

ఇంటికి చేరాక ఆ రాత్రే లెక్క రాసేయండి: పారితోషికం, అమ్మకం, బండి, భోజనం, ఎవరి వాటా ఎంత. పాట ఇచ్చిన అవ్వ వాటా విడిగా కవరులో పెట్టండి. మర్నాడు పొద్దున సెక్రటరీకి నాలుగు ఫోటోలు, పిల్లలు కోలాటం ఆడిన చిన్న వీడియో పంపండి, ఆయన దాన్ని పది గ్రూపుల్లో పెడతాడు. రెండు రోజులాగి ఫోన్ చేసి, "సార్, పక్క ఊరి క్లబ్బులో మీకు తెలిసినోళ్లు ఎవురన్నా ఉండారా?" అని అడగండి.